జిగ్ కంటే ముందు ఒక దారం ఉండ

చివరి నాబ్ వదులు చేశాను. 'టక్'మని చిన్న శబ్దం. నేను ఫ్రేమును ముట్టుకోనేలేదు, దానంతటదే కదిలింది. అప్పటిదాకా జిగ్‌లో (గొట్టాలను అతికేటప్పుడు పట్టుకునే చట్రం అది) రెండు కోన్ల, అంటే శంకు దిమ్మల, మధ్య బుద్ధిగా నిలబడ్డ హెడ్ ట్యూబు (హ్యాండిల్ తిరిగే ముందు గొట్టం), బిగింపు వదిలిన మరుక్షణం కుడివైపుకు ఒరిగింది. కొలిస్తే 3 మి.మీ. అది నేను కట్టిన మొదటి సైకిల్ ఫ్రేము.

ఆ జిగ్ నాది కాదు, తెలిసినవాళ్ల దగ్గర అరువు తెచ్చుకున్నది. చూడ్డానికి గడియారం విప్పి పరిచినట్టుండేది. ప్రతి కీలుకూ ఒక స్కేలు, ప్రతి కోణానికీ చెక్కిన గీతలు, రెండు చోట్ల వెర్నియర్ కూడా. హెడ్ ట్యూబు వాలు (హెడ్ కోణం) 73 డిగ్రీలు, సీటు గొట్టం వాలు (సీటు కోణం) 73.5 అని డిగ్రీలో పదోవంతు దాకా సరిచూసుకుంటూ రెండు సాయంత్రాలు సెట్టింగుకే ఖర్చుపెట్టాను. గొట్టాలు బిగించి, ట్యాకులు (చుక్కల్లాంటి చిన్న అతుకులు) వేసి, 'జిగ్‌లోనే ఉంది కదా, ఎక్కడికి పోతుందిలే' అన్న ధీమాతో కీళ్లన్నీ అక్కడే పూర్తిగా బ్రేజింగ్ చేసేశాను, అంటే లోహపు రాడ్డు కరిగించి అతికేశాను. చల్లారాక విప్పితే ఇదీ సంగతి.

బ్రేజింగ్ మంట టార్చి పట్టుకుని సగం జీవితం గడిపిన ఒకాయన దాన్ని చూసి పెద్దగా ఆశ్చర్యపోలేదు. "మధ్యలో ఎన్నిసార్లు జిగ్‌లోంచి తీసి కొలిచావు?" అని మాత్రం అడిగారు.

"ఒక్కసారి కూడా తీయలేదండీ. తీస్తే కదిలిపోతుందేమోనని."

"కదలదల్చుకున్నది ఎప్పుడో అప్పుడు కదలక మానదు కదయ్యా. ట్యాకుల మీద ఉండగా కదిలితే చేత్తో సరిచేసుకునేవాడివి. ఇప్పుడేం చేస్తావు?"

మొక్కై వంగనిది మానై వంగునా అన్నమాట. ఆ తర్వాత నేను చాలా ఫ్రేములు కట్టాను, రెండు జిగ్‌లు మార్చాను, ఒకటి సొంతంగా చేసుకున్నాను. జిగ్ కొనాలనుకునేవాళ్లు ఏది మంచిదని అడిగినప్పుడల్లా నాకు ఆ 'టక్' శబ్దమే గుర్తొస్తుంది. ఎందుకంటే వాళ్లు అడిగేది పట్టుకునే పనిముట్టు గురించి, వాళ్ల మనసులో ఉన్నది కొలిచే పనిముట్టు. ఈ రెండూ ఒకటేనని నమ్మడం వల్లే నా మొదటి ఫ్రేము వంకరగా పుట్టింది.

పేరులోనే ఒక తిరకాసు ఉంది. మెషిన్ షాపు లెక్కన జిగ్ అంటే పనిముట్టుకు దారి చూపించేది, డ్రిల్లు బిట్టు ఎక్కడ దిగాలో చెప్పే బెజ్జాల పలక లాంటిది. వస్తువును కదలకుండా పట్టుకునేదాన్ని ఫిక్చర్ అంటారు. ఫ్రేము కట్టేవాళ్లు జిగ్ అని పిలిచేది నిజానికి ఫిక్చరే. లోకమంతా జిగ్ అనే అంటోంది కాబట్టి నేనూ అలాగే అంటాను. కానీ ఆ మాటలో 'దారి చూపించేది' అన్న వాసన ఒకటి మిగిలిపోయింది, కొత్తవాళ్లను ముంచేది అదే.

జిగ్ లేకుండా ఫ్రేములు కట్టిన కాలం ఒకటుంది. 1885లో జాన్ కెంప్ స్టార్లీ రోవర్ సేఫ్టీ సైకిల్ తెచ్చాక కొన్నేళ్లలోనే ఫ్రేము ఇప్పుడు మనం చూసే వజ్రాకారానికి వచ్చేసింది. చివర్లలో మందంగా, మధ్యలో పలచగా ఉండే బటెడ్ గొట్టానికి రేనాల్డ్స్ వాళ్లు 1897లో పేటెంటు తీసుకున్నారు. 1935లో వాళ్ల 531 గొట్టం వచ్చింది. ఆ రోజుల్లో చాలా చోట్ల గొట్టాన్ని లగ్ అనే కీలు తొడుగులోకి దూర్చి, రెంటినీ కలిపి బెజ్జం వేసి, చిన్న మేకు లాంటి పిన్ను కొట్టి, ఆ తర్వాతే నిప్పు చూపించేవాళ్లు. అక్కడ పట్టుకునే పని పిన్నుది. కొలిచే పని కంటిది, బద్దది, చదునైన బల్లది. ఎవరి పని ఎవరిదో ఎవరికీ అనుమానం ఉండేది కాదు. ఆ ఫ్రేములన్నీ తిన్నగా ఉండేవని నేననను. కానీ వంకర ఉంటే దాన్ని పసిగట్టే ఏర్పాటు మాత్రం పనిలోనే ఉండేది.

సరే, తిన్నగా ఉండటం అంటే ఏమిటి? ఫ్రేములో తప్పులు రెండు జాతులు. ఒకటి, పక్కనుంచి ఫొటో తీస్తే కనిపించే తప్పు: హెడ్ కోణం అర డిగ్రీ తగ్గడం, పైన అడ్డంగా పోయే టాప్ ట్యూబు 2 మి.మీ. పెరగడం. రెండోది, ఫొటోలో కనిపించనిది: హెడ్ ట్యూబు, సీటు ట్యూబు, వెనక చక్రం ఒకే తలంలో లేకపోవడం. మొదటి జాతి తప్పును నేను పెద్దగా పట్టించుకోను. లెక్క చూడండి. చక్రం వ్యాసార్థం 340 మి.మీ., ఫోర్కు రేకు (స్టీరింగు గీతకు ముందు ఇరుసు ఎంత ముందుకు ఉందో ఆ దూరం) 45 మి.మీ. అనుకుందాం. హెడ్ కోణం 73 డిగ్రీలైతే ట్రెయిల్, అంటే స్టీరింగు గీత నేలను తాకే చోటుకు టైరు నేలను తాకే చోటు ఎంత వెనక ఉందో ఆ దూరం, దాదాపు 57 మి.మీ. వస్తుంది. కోణం పొరపాటున 72.5 అయితే 60 అవుతుంది. ఈ 3 మి.మీ. తేడాను కళ్లకు గంతలు కట్టినట్టు తొక్కి కనిపెట్టగలిగేవాళ్లు నాకింకా తారసపడలేదు. ఇంకొంచెం లావు టైరు వేస్తేనే ట్రెయిల్ మారిపోతుంది.

అదే అర డిగ్రీ పక్కకు పడితే? 140 మి.మీ. పొడవున్న హెడ్ ట్యూబు అర డిగ్రీ పక్కకు ఒరిగితే దాని పై కొనకీ కింది కొనకీ మధ్య తేడా 1.2 మి.మీ. కంటికి దాదాపు ఆనదు. కానీ హెడ్ ట్యూబు మధ్యనుంచి స్టీరింగు గీతను నేల దాకా పొడిగిస్తే అది సుమారు 800 మి.మీ. ఉంటుంది. అక్కడికి వచ్చేసరికి ఆ అర డిగ్రీ 7 మి.మీ. అవుతుంది. ముందు చక్రం ఒక దారిన, వెనక చక్రం ఒక దారిన పోతుంటాయి. చేతులు వదిలితే సైకిల్ ఒక పక్కకు లాగుతుంది. ఎక్కేవాడికి కారణం తెలియదు, 'ఈ బండి ఏదోలా ఉంది' అని మాత్రం అనిపిస్తుంది.

జిగ్ అమ్మేవాళ్ల బొమ్మలు ఈసారి చూసినప్పుడు గమనించండి. స్కేళ్లు, చక్రాలు, మైక్రోమీటర్ మరలు ఇవన్నీ మొదటి జాతి తప్పును తగ్గించడానికే. రెండో జాతి తప్పు విషయంలో జిగ్ చేయగలిగింది ఒక్కటే: గొట్టాల మధ్యరేఖలన్నిటినీ ఒకే తలంలో పట్టుకోవడం. దానికి స్కేలు అక్కర్లేదు. తిన్నగా ఉన్న ఒక దూలం, దానికి సరిగ్గా లంబంగా ఉన్న కొన్ని కడ్డీలు చాలు. ఖరీదంతా తక్కువ ముఖ్యమైన వైపు పోగుపడిందని నా ఫిర్యాదు.

కోణమాపకం మీద కూడా నాకో చిన్న కసి ఉంది. గీతల మధ్య కన్ను చేసే తప్పు పదోవంతు డిగ్రీ అనుకున్నా 600 మి.మీ. దూరంలో అది 1 మి.మీ. దాటుతుంది. కోణాలతో కాకుండా దూరాలతో సెట్ చేసే జిగ్ ఇందుకే నాకు నచ్చుతుంది. పెడల్ ఇరుసు కూర్చునే షెల్ మధ్యబిందువును సున్నా అనుకుని, అక్కడినుంచి ప్రతి బిందువునూ అడ్డం ఇంత, నిలువు ఇంత అని కొలవడమే. చెయిన్‌స్టే (షెల్‌నుంచి వెనక ఇరుసు దాకా పోయే గొట్టం) 430 మి.మీ., షెల్ దిగుడు (చక్రాల ఇరుసుల కంటే షెల్ ఎంత కిందికి ఉందో) 70 మి.మీ. కావాలంటే వెనక ఇరుసు అడ్డదూరం ఎంత? 430 వర్గంలోంచి 70 వర్గం తీసేసి వర్గమూలం కడితే 424.3. స్కూల్లో నేర్చుకున్న పైథాగరస్‌తో పని అయిపోతుంది, ఒక స్టీలు స్కేలుతో సరిచూసుకోవచ్చు.

ఇక అసలు గొడవ షెల్ దగ్గర. దాదాపు ప్రతి జిగ్‌లోనూ ఫ్రేము మొత్తానికి ఆధారం ఆ షెల్ ముఖమే. రోడ్డు సైకిళ్లకు మామూలుగా 68 మి.మీ. వెడల్పు, ముఖం వ్యాసం సుమారు 40 మి.మీ. ఇంత చిన్న ముఖం మీద ఆనించి 550 మి.మీ. పొడవు సీటు ట్యూబును నిలబెడుతున్నాం. ఆ ముఖం మీద ఒక అంచున 0.1 మి.మీ. రజను అంటుకుని ఉందనుకోండి, సీటు ట్యూబు పై కొన దగ్గర అది 1.4 మి.మీ. అయి కూర్చుంటుంది. పదోవంతు మిల్లీమీటరంటే దాదాపు ఒక కాగితం మందం! జిగ్ ఎంత గొప్పదైనా ఈ గుణకారాన్ని ఆపలేదు. అందుకే షెల్‌ను జిగ్‌కు ఎక్కించే ముందు రెండు ముఖాలూ చదును చేసి, వేలితో తడిమి, గుడ్డతో తుడవడం నాకు పూజకు ముందు కాళ్లు కడుక్కోవడం లాంటిది. హెడ్ ట్యూబు కొనలకూ ఇదే వర్తిస్తుంది. కోన్ అనేది మధ్యకు తెస్తుందన్నది నిజమే, కానీ కొన వంకరగా కోసి ఉంటే ఆ వంకరను కూడా అంతే నమ్మకంగా మధ్యకు తెస్తుంది.

మైటర్ల సంగతి చెప్పకుండా జిగ్ గురించి మాట్లాడటం అన్యాయం. ఒక గొట్టం ఇంకో గొట్టం ఒంటికి అతుక్కునేలా చివర నెలవంకలా కోసే కోతే మైటర్. మంచి మైటర్ అంటే రెండు గొట్టాలనూ చేత్తో ఆనించి దీపానికి ఎదురుగా పెడితే వెలుతురు గీత కనిపించకూడదు. సందు ఉంటే ఏమవుతుందంటే, పూరక లోహం ఆ సందులోకి పారి, చల్లారుతూ కుంచించుకుపోయి, గొట్టాన్ని ఆ సందు వైపు లాక్కుంటుంది. జిగ్ పట్టుకున్నంతసేపూ ఆ లాగుడు బయటికి కనిపించదు. లోపల దాక్కుంటుంది. నాబ్ వదిలినప్పుడు 'టక్'మంటుంది.

అంతకంటే మోసకారిది మెలి. టాప్ ట్యూబు రెండు చివరలూ నిలువు గొట్టాలకే అతుకుతాయి కాబట్టి రెండు మైటర్లూ ఒకే దిశలో ఉండాలి. డౌన్ ట్యూబు అలా కాదు. పై చివర హెడ్ ట్యూబుకు, కింది చివర అడ్డంగా పడుకున్న షెల్‌కు. కాబట్టి దాని రెండు మైటర్లూ ఒకదానికొకటి 90 డిగ్రీల తేడాతో కోయాలి. నా మొదటి ఫ్రేములో డౌన్ ట్యూబు కోతలు 90కి బదులు బహుశా 88 దగ్గర ఉండి ఉంటాయి. జిగ్‌లో అది కూర్చోలేదు. నేను నాబ్ బిగించి కూర్చోబెట్టాను. ఆ క్షణంలోనే ఫ్రేము వంకరైపోయింది, మిగతాదంతా లాంఛనం. అప్పటినుంచీ నాకొక నియమం: గొట్టం తన బరువుతో తానే జిగ్‌లో కూర్చోవాలి. నొక్కితే తప్ప కూర్చోకపోతే తప్పు జిగ్‌ది కాదు, ఆకురాయి మళ్లీ చేతిలోకి తీసుకోవాల్సిందే. గొట్టం వెంట మొదటే ఒక సన్నటి నిలువు గీత గీసుకుని, రెండు చివరల కోతలనూ ఆ గీతనుంచే లెక్కపెడితే మెలి చాలావరకు రాదు.

వేడి దగ్గరికొద్దాం. 56 శాతం వెండి ఉన్న సిల్వర్ రాడ్డు 650 డిగ్రీల సెల్సియస్ దగ్గర పారుతుంది. బ్రాస్ రాడ్డుకు 900 దరిదాపులకు వెళ్లాలి. టిగ్ వెల్డింగులో ఉక్కే కరుగుతుంది, కాకపోతే వేడి చిన్నచోటే పడుతుంది. ఏ పద్ధతైనా గొట్టం సాగకుండా ఉండదు. ఉక్కు మీటరుకు, ప్రతి డిగ్రీకీ 12 మైక్రాన్ల చొప్పున సాగుతుంది. 600 మి.మీ. గొట్టం సగటున 100 డిగ్రీలు వేడెక్కినా 0.7 మి.మీ. పొడుగవుతుంది. రెండు కొనలూ జిగ్ గట్టిగా పట్టుకుని ఉంటే ఆ పొడుగు ఎక్కడికి పోవాలి? గొట్టం మధ్యలో పొట్ట గోడ మందం 0.5 లేదా 0.6 మి.మీ. మాత్రమే. ఎర్రగా కాలి మెత్తబడ్డ కీలు దగ్గర అది నలుగుతుంది. చల్లారేటప్పుడు కుంచించుకోబోతే జిగ్ వదలదు, అప్పుడు కీలు సాగదీయబడుతుంది. ఇలా దాచిన ఒత్తిడిని మనం 'తిన్నగా ఉన్న ఫ్రేము' అని పొరబడతాం.

ఇక్కడ నాతో విభేదించేవాళ్లు ఉన్నారు, చాలా మంచి పనివాళ్లే. వాళ్లు ఫ్రేము మొత్తం జిగ్‌లోనే పూర్తిచేస్తారు, ఫలితాలూ బాగానే ఉంటాయి. దగ్గర కూర్చుని చూస్తే తెలిసిందేమిటంటే, వాళ్లు ఒక కొనను ఎప్పుడూ వదులుగా ఉంచుతారు. హెడ్ ట్యూబు కోన్‌ను వేలితో తిప్పగలిగేంత సడలించి, గొట్టానికి సాగే చోటిచ్చి, ఏ కీలు తర్వాత ఏ కీలు కాల్చాలో వందల ఫ్రేముల మీద నేర్చుకున్నారు. ఆ క్రమం వాళ్ల చేతుల్లో ఉంది, ఇనుములో లేదు. జిగ్ కొంటే ఆ చేతులు పెట్టెలో రావు.

నా పద్ధతి ఇదీ. ముందు సీటు ట్యూబును షెల్‌కు విడిగా బ్రేజింగ్ చేస్తాను, చదునైన పలక మీద నిలబెట్టి లంబం చూస్తాను. తేడా ఉంటే అప్పుడే దిద్దుతాను. ఒక్క గొట్టమే కాబట్టి సులువు. తర్వాత అన్నీ జిగ్‌లో పెట్టి, ప్రతి కీలుకూ మొదట రెండే ట్యాకులు, ఫ్రేము తలంలో పడేలా, అంటే గొట్టం పైన ఒకటి, కింద ఒకటి. పక్కల వేయను. ఈ రెండు ట్యాకులూ తలుపు బందుల్లాగా పనిచేస్తాయి. పైకీ కిందికీ కోణం మారదు, కానీ పక్కకు మాత్రం చేత్తో నొక్కితే కొద్దిగా కదులుతుంది. పక్క ట్యాకులు ముందే వేస్తే ఆ అవకాశం పోతుంది. పైగా ట్యాకు చల్లారుతూ తన వైపు లాగుతుంది కాబట్టి తప్పు కూడా ముఖ్యమైన దిశలోనే పడుతుంది. రెండు ట్యాకుల మీద ఫ్రేమును బయటికి తీసి, కొలిచి, నొక్కి, మళ్లీ కొలిచి, అప్పుడు పక్కల ఎదురెదురుగా ట్యాకులు. ఆ తర్వాత జిగ్ పని అయిపోయింది. పూర్తి బ్రేజింగ్ స్టాండు మీదే, గాల్లోనే.

కొలవడానికి ఏం కావాలి? దారం ఉండ. ఒక వెనక డ్రాపవుట్‌కు, అంటే చక్రం ఇరుసు కూర్చునే గాడికి, దారం కట్టి, ముందుకు తెచ్చి హెడ్ ట్యూబు చుట్టూ తిప్పి, రెండో డ్రాపవుట్‌కు బిగించాలి. సీటు ట్యూబుకూ దారానికీ మధ్య దూరం రెండు వైపులా సమానంగా ఉండాలి. కాలిపర్ లోపలి కాళ్లతో కొలిస్తే అర మిల్లీమీటరు తేడా కూడా పట్టుబడుతుంది. ఇది చాలా పాత కిటుకు. దీని పరిమితి కూడా తెలుసుకోవాలి. వెనక భాగం మధ్యలో ఉందో లేదో దారం చెబుతుంది, హెడ్ ట్యూబు మెలిని చెప్పలేదు. దానికి వడ్రంగుల దగ్గర ఒక ఉపాయం ఉంది. చెక్క మెలి తిరిగిందో లేదో చూడ్డానికి వాళ్లు రెండు తిన్నని బద్దలను చెరో చివర పెట్టి ఒక కంటితో చూస్తారు. మనం హెడ్ ట్యూబులో పొడవాటి తిన్నని కడ్డీ ఒకటి నిలబెట్టి, ముందునుంచి ఒక కన్ను మూసి చూస్తే, కడ్డీ అంచూ వెనక సీటు ట్యూబు అంచూ ఒకదాని పక్కన ఒకటి సమాంతరంగా కనిపించాలి. సందు పైన సన్నబడి కింద వెడల్పైతే మెలి ఉన్నట్టే. కన్ను ఈ విషయంలో ఆశ్చర్యపోయేంత నిక్కచ్చి.

సర్ఫేస్ ప్లేటు ఉంటే ఇంకా మేలు. చదును చేసిన గ్రానైట్ గానీ పోత ఇనుము గానీ, దాని మీద షెల్‌ను బిగించే ఒక గుంజ, ఎత్తు కొలిచే గేజి. సీటు ట్యూబు పైకొన, హెడ్ ట్యూబు రెండు కొనలు ఒకే మధ్యరేఖ ఎత్తులో ఉన్నాయో లేదో చూడటమే. అయితే ఆ గుంజ కూడా షెల్ ముఖం మీదే ఆధారపడుతుందని మరవకండి, పైన చెప్పిన రజను ఇక్కడా అంతే మోసం చేస్తుంది. షెల్‌ను తిరగేసి రెండో ముఖం మీద ఇంకోసారి కొలిస్తే బండారం బయటపడుతుంది.

ఇప్పుడు, ఏ జిగ్? నా ఎదురు ప్రశ్న: ఎన్ని ఫ్రేములు కడతారు? ఒకటో రెండో అయితే కొనకండి. మందపాటి చదునైన పలక మీద ఫ్రేము బొమ్మను అసలు కొలతల్లో గీసుకుని, గొట్టాలను వి-బ్లాకుల (వి ఆకారపు గాడి ఉన్న దిమ్మల) మీద పడుకోబెట్టండి. ఇందులో అందరూ పడే గుంట ఒకటుంది. డౌన్ ట్యూబు వ్యాసం 31.8, సీటు ట్యూబు 28.6 అయితే వ్యాసార్థాల తేడా 1.6 మి.మీ. సన్న గొట్టం కింద 1.6 మి.మీ. రేకు పెడితే మధ్యరేఖలు కలుస్తాయనుకుంటారు. చదునైన దిమ్మ మీదైతే అది సరే. 90 డిగ్రీల వి-బ్లాకులో గొట్టం మధ్యరేఖ ఎత్తు వ్యాసార్థానికి 1.414 రెట్లు, కాబట్టి రేకు మందం 2.26 మి.మీ. ఉండాలి. ఈ ఆరు పదోవంతుల తేడా వల్ల ఎన్ని ఇంటి ఫ్రేములు వంకరపోయాయో! లగ్‌లతో కట్టేవాళ్లకు ఈ పలక మరీ చాలు, లగ్ తనే సగం జిగ్.

పదీ ఇరవై కడతారనుకుంటే జిగ్ ఉండాల్సిందే, నేనేమీ జిగ్ ద్వేషిని కాను. ముఖ్యంగా సీటు కిందనుంచి వెనక ఇరుసుకు దిగే సీటు స్టేలను రెండు చేతులతో పట్టుకుని మూడో చేత్తో ట్యాకు వేయడం మనిషి వల్ల కాదు. అమెరికాలో ఆన్విల్, హెన్రీ జేమ్స్, ఇటలీలో మార్కెట్టి-లాంగె పేర్లు ఈ రంగంలో అందరికీ తెలిసినవే. అలాంటివి అందుబాటులో ఉన్నవాళ్లు అదృష్టవంతులు. అల్యూమినియం ప్రొఫైల్ దూలాలతో సొంతంగా చేసుకునేవాళ్లకు ఒక మాట: ఆ దూలం చూడ్డానికి తిన్నగా ఉన్నా కొద్దిగా మెలి ఉండొచ్చు, చదును పలక మీద పెట్టి నాలుగు మూలలా నొక్కి చూడండి, ఊగితే వేరేది ఎంచుకోండి.

కొనేదైనా చేసుకునేదైనా నేను చూసేది మొదట టార్చి చోటు. షెల్ వెనక భాగంలోకి, చెయిన్‌స్టేలు కలిసే ఇరుకులోకి మంట చేరుతుందా? వెనక పెద్ద పలక ఉన్న జిగ్‌లు గంభీరంగా ఉంటాయి గానీ సగం కీలు పలక చాటునే ఉండిపోతుంది, వేడంతా ఆ పలకే తాగేస్తుంది. ఒకే వెన్నెముక లాంటి దూలం మీద నిలబడేవి, స్టాండు మీద గిరగిరా తిరిగేవి మేలు. తర్వాత, గొట్టం పొట్ట మీద బిగింపు పడకూడదు. అర మిల్లీమీటరు గోడ మీద వి-ఆకారపు బిగింపు అంచు పడితే సొట్ట ఖాయం. ఇక కొలతల పరిధి. వెనక ఇరుసు వెడల్పు ఒకప్పుడు 126, తర్వాత రోడ్డుకు 130, కొండ సైకిళ్లకు 135, ఇప్పుడు 12 మి.మీ. త్రూ-యాక్సిల్‌తో (ఫ్రేములోంచి దూరిపోయే ఇరుసుతో) 142, 148. చక్రం బదులు పెట్టే డమ్మీ ఇరుసులు మార్చుకునే వీలు లేని జిగ్ కొన్నేళ్లకే మూలపడుతుంది.

డమ్మీ ఇరుసు విషయంలో పిసినారితనం పనికిరాదు. చెయిన్‌స్టేలలో ఒకటి 1 మి.మీ. పొట్టిదైతే 130 మి.మీ. వెడల్పు మీద అది ఇరుసును వాలుస్తుంది. ఇరుసునుంచి 311 మి.మీ. దూరంలో ఉన్న రిమ్ము దగ్గర ఆ వాలు 2.4 మి.మీ. అవుతుంది. టైరు ఒక స్టేకు రాసుకుంటుంటే కారణం సాధారణంగా ఇదే. ఫ్రేము అయ్యాక నిజం చక్రం పెట్టి చూడండి, తర్వాత అదే చక్రాన్ని తిప్పి పెట్టండి. రెండుసార్లూ ఒకే పక్కకు జరిగి కనిపిస్తే ఫ్రేము తప్పు, పక్క మారితే చక్రం తప్పు.

ఈ తిప్పి చూసే సూత్రంతోనే జిగ్‌నూ పరీక్షించవచ్చు. సానపట్టిన తిన్నని కడ్డీని కోన్ల మధ్య పెట్టి, దాని రెండు చివరలూ మధ్యతలానికి ఎంత దూరంలో ఉన్నాయో డయల్ గేజితో చూసుకుని, కడ్డీని తన ఇరుసు మీద సగం చుట్టు తిప్పి మళ్లీ చూడటం. తిప్పినప్పుడు మారినది కడ్డీ వంకర, మారనిది జిగ్ వంకర. నా మొదటి ఫ్రేము పాపం జిగ్‌దేనని నిరూపించాలని నేను ఈ పరీక్ష చేశాను. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టే అయింది. 3 మి.మీ.లో జిగ్ వాటా 0.3. మిగతా 2.7 నావే.

ఈ వాదనంతా ఉక్కుకు. టైటేనియంకు స్ప్రింగులా వంగి వెనక్కి వచ్చే గుణం ఉక్కుకు దాదాపు రెట్టింపు కాబట్టి వంచి దిద్దబోతే మళ్లీ వెనక్కి వచ్చేస్తుంది. వెల్డింగు లోపలి వైపు కూడా ఆర్గాన్ గ్యాసు నిండి ఉండాలి, కాబట్టి జిగ్‌లోంచే గ్యాసు పంపే దారులుంటే సుఖం. 6061 అల్యూమినియాన్ని వెల్డింగు తర్వాత 530 డిగ్రీల వరకూ కాచి ఒక్కసారిగా చల్లారుస్తారు. ఆ దెబ్బకు జిగ్ చెప్పినదంతా చెరిగిపోతుంది, మెత్తగా ఉండగానే మళ్లీ తిన్నగా చేసుకోవాలి. కార్బన్ గొట్టాలను ఎపాక్సీతో అతికేవాళ్ల దగ్గర మాత్రం నా వాదన తలకిందులవుతుంది. అక్కడ మంట లేదు, కుంచించుకుపోయే లోహం లేదు. జిగ్ ఎలా పట్టుకుంటే అలాగే గట్టిపడుతుంది, తర్వాత దిద్దడం అనే మాటే లేదు. వాళ్లు జిగ్ మీద ఎంత ఖర్చుపెట్టినా నేను నోరెత్తను.

ఇప్పుడు నేను వాడే జిగ్ మీద స్కేళ్లు లేవు. ఒక దూలం, షెల్‌కు ఒక దిమ్మ, హెడ్ ట్యూబుకు రెండు కోన్లు, వెనక ఒక డమ్మీ ఇరుసు. హెడ్ ట్యూబు దగ్గర అర మిల్లీమీటరు లోపు, వెనక దారం కొలతలో 1 మి.మీ. లోపు వస్తే చాలనుకుంటాను. అంతకంటే సన్నంగా కొలవడం నాకు చేతకాదు, తొక్కేటప్పుడు తెలియనూ తెలియదు.

ఆ మొదటి ఫ్రేమును పారేయలేదు. హెడ్ ట్యూబులో పొడవాటి ఉక్కు కడ్డీ దూర్చి, కొంచెం కొంచెంగా వంచుతూ 3 మి.మీ.లో రెండు తగ్గించాను. ఇంకొంచెం వంచితే కీలు పక్కన పలచటి గోడ ముడత పడుతుందని భయమేసి ఆపేశాను. ఆ మిగిలిన ఒక్క మిల్లీమీటరుతోనే ఇప్పటికీ తొక్కుతున్నాను. చేతులు వదిలితే బండి కుడికి పోతుంది, నేను ఎడమకు ఒరుగుతాను.